పుట్టింటి వేడినీళ్ళు

మేము ఫ్లాటు కొనేటప్పుడు బిల్డరు చేతిలో పెట్టిన రంగుల కాగితం మీద ఒక మాట ఉంది. ట్యాపు తిప్పగానే వేడినీళ్ళు. ఈతకొలనూ జిమ్మూ పిల్లల పార్కూ నన్ను కదిలించలేదు గానీ ఆ ఒక్క మాటకు పడిపోయాను. మా అమ్మ కడప జిల్లాలో బతుకంతా కాగు కింద కంపపుల్లలు ఎగదోస్తూ, ఊదుగొట్టం పట్టుకుని పొగ మింగిన మనిషి. ఆమె పోయిన మరుసటేడు మేము హైదరాబాదులో ఇల్లు కొన్నాం. అమ్మ ఉంటే ఈ వేడినీళ్ళు చూసి ఎంత మురిసిపోయేదో అనుకుని ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను కూడా. బిల్డరు ప్రకటన చదివి ఏడ్చిన మనిషి ఈ నగరంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మా బిల్డింగు కొండాపూర్‌కీ హఫీజ్‌పేట్‌కీ నడుమ ఉంది. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది కోస్తావాళ్ళు. మావంటి సీమవాళ్ళు రెండు మూడు కుటుంబాలు, తెలంగాణవాళ్ళు అంతకంటే కొంచెం ఎక్కువ. మేడ మీద సోలార్ పలకలు, వాటి పక్కన పెద్ద వేడినీళ్ళ ట్యాంకు. అక్కణ్ణుంచి వరుసకొక పైపు ప్రతి అంతస్తులో ఒక్కో ఇంటికి నీళ్ళిస్తూ కిందికి దిగుతుంది. వాడకుండా మిగిలిన నీళ్ళు అందులోనే నిలిచి చల్లారిపోకుండా ఇంకో సన్నపైపు వాటిని తిరిగి ట్యాంకులోకి చేరుస్తుంది. దానికొక చిన్న పంపు. వేడినీళ్ళు అలా తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఏ ఇంట్లో ఎప్పుడు ట్యాపు తిప్పినా చేతికి వేడిగా తగులుతాయి. మొదటి రెండేళ్ళూ నిజంగానే తగిలాయి. తర్వాత మా బోరు నీళ్ళలోని సున్నం ఇనుప పైపుల్లో పేరుకుని, వేలు కూడా దూరనంత సందు మిగిలింది. ఎండాకాలంలో అందరం చందాలేసుకుని పాత పైపులన్నీ పీకించి ప్లాస్టిక్ పైపులు వేయించుకున్నాం. గోడలు పగలగొట్టి, ఇళ్ళంతా దుమ్ము చేసి, మళ్ళీ పూత పూసి వెళ్ళారు. కొన్నాళ్ళు నీళ్ళు భగభగమంటూ వచ్చాయి.

ఆ ఏడాదే నా చెల్లెలికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లంటే అమ్మ. అమ్మ లేదు, నాన్న అంతకుముందే పోయాడు, అన్నదమ్ములు లేరు. చెల్లెలి అత్తగారిది కర్నూలు, మదీనాగూడలో సొంత ఇల్లు, కొడుకులు స్థలాల వ్యాపారం. ఆమె మా ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"తల్లి లేని పిల్ల. మా దగ్గరే ఉండనీలేమ్మా. నీకు ఉద్యోగం, నీ సంసారం. బాలింతను చూసుకోవడమంటే మాటలు గాదు."

"నేనుండాను గదా అత్తా" అన్నాను. ఊరు విడిచి ఎన్నేళ్ళయినా కోపం వస్తే నా నోట్లో సీమ మాటే వస్తుంది. "నేనుండగా దానికి పుట్టిల్లు లేదని ఎవురన్నా అంటే ఒప్పుకోను."

ఆమె లేచి కొంగు సర్దుకుని, "సరే, నీ ఇష్టం. బిడ్డకు ఏమన్నా అయితే మాత్రం నేను ఊరుకోను" అంది. నేను పంతానికి అన్నానని ఆమె అనుకుంది. పంతం కాదు. అమ్మ పోయాక మా ఇద్దరికీ ఏ పండక్కి ఎక్కడికి వెళ్ళాలో తెలియని పరిస్థితి. ఈ ఒక్క కాన్పు నా ఇంట్లో సవ్యంగా జరిగితే మాకు మళ్ళీ ఒక పుట్టిల్లు ఉన్నట్టే. జరగకపోతే ఇక లేనట్టే. నాకు అంతకంటే పెద్ద విషయం ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

మగపిల్లవాడు పుట్టాడు. చెల్లెల్నీ పిల్లవాణ్ణీ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసులో సెలవు పెట్టాను. మా ఆయన ఆఫీసు బందుల భయంతో కొందరిని అక్కడే గెస్ట్‌హౌసులో ఉంచుకుంటోంది, ఆయన సంతోషంగా అక్కడికి చేరి కంప్యూటర్లకు కాపలా కాస్తున్నాడు. బాలింతకూ పిల్లవాడికీ నీళ్ళు పోయడానికి హఫీజ్‌పేట్ స్టేషను దగ్గరి బస్తీ నుంచి ఒక ముసలమ్మ కుదిరింది. నేను అవ్వా అని పిలిచేదాన్ని. గట్టి మనిషి. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లవాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనెతో ఒళ్ళంతా పిసికి నీళ్ళు పోస్తే వాడు ఆ కాళ్ళ మీదే నిద్రపోయేవాడు. తర్వాత చెల్లెలికి నడుం మీద బిందెల కొద్దీ వేడినీళ్ళు. ఒళ్ళు ఎర్రబడాలి. ఆ వేడికి తట్టుకోలేక బాలింత కేకలు పెడితేనే నీళ్ళు పోసినట్టు లెక్క అని అవ్వ సిద్ధాంతం. మా అమ్మదీ అదే సిద్ధాంతం.

అదే సమయానికి ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ప్రభుత్వ ఆఫీసులు లేవు, బళ్ళు లేవు, బస్సులు లేవు. బొగ్గు గనులవాళ్ళు కూడా పనిమానేయడంతో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అవ్వ మా ఇంట్లో నీళ్ళు పోసి, చీర పిండుకుని, అక్కణ్ణుంచి నేరుగా మియాపూర్ రోడ్డు మీద ఉద్యమకారుల శిబిరానికి పోయేది.

"ఇగ పోతున్న బిడ్డా. ఇయ్యాల రోడ్డు మీద వంట ఉన్నది. నేను లేకుంటే ఆల్లకు ఉప్పు ఎంతెయ్యాల్నో తెల్వదు."

"మమ్మల్ని పొమ్మనడానికేనా అవ్వా ఆ వంటలన్నీ?" అనేదాన్ని ఆటపట్టిస్తూ.

"నిన్నెవలు పొమ్మన్నరు? నువ్వు ఆంధ్రదానివైనా మంచిదానివే."

"మాది సీమ."

"ఏదైతేంది, గా పక్కదే గద" అని నవ్వేది. ఆమె నవ్వితే నాకు కష్టం అనిపించేది కాదు. అదే మాట మా బిల్డింగులో కోస్తావాళ్ళు ఇంకోలా అనేవాళ్ళు. మా సీమవాళ్ళని బాంబుల జిల్లావాళ్ళు అని వెనక నవ్వుకుని, ఉద్యమం మాట వచ్చినప్పుడు మాత్రం మనం మనం ఒకటి కదండీ అని దగ్గరికి జరిగేవాళ్ళు. ఆ దగ్గరితనం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

సమ్మె మొదలైన కొద్ది రోజులకే నీళ్ళు మారాయి. అవ్వ వేడినీళ్ళ ట్యాపు కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఏంది బిడ్డా గీ నీళ్ళు? గోరువెచ్చగ సుత లెవ్వు. బాలెంతకు గిట్లనే పోస్తరా? నడుము పట్టుకుంటది, నేన్జెప్తున్న."

కాసేపు వదిలితే వేడెక్కుతాయేమో అనుకున్నాం. బకెట్లు నిండాయి గానీ వేడెక్కలేదు. మబ్బు పట్టిందా అంటే మేడ మీద ఎండ మండిపోతోంది. పైకి వెళ్ళి ట్యాంకు దగ్గరి ట్యాపు తిప్పితే చెయ్యి కాలింది. పైన కాలే నీళ్ళు నాలుగు అంతస్తులు దిగేసరికి ఎందుకు చల్లబడుతున్నాయో నాకు అర్థం కాలేదు. గీజరు వేద్దామంటే కరెంటు నిలకడగా లేదు. గ్యాస్ మీద పెడదామంటే ఉన్నది ఒకే సిలిండరు, రెండోది ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. గిన్నెల్లో కాచి కాచి పిల్లవాడికి సరిపెట్టాను. చెల్లెలికి ఆ చల్లబడ్డ నీళ్ళే పోసింది అవ్వ, మొహం ముడుచుకుని.

మా బిల్డింగు సెక్రటరీ గారు పైఅంతస్తులో ఉంటారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. పైపులు మార్పించింది ఆయన హయాంలోనే కాబట్టి ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"అందరికీ అలాగే ఉందండీ" అన్నారు. "మీరేం అనుకోకపోతే ఒకమాట. రోజూ బాలింత స్నానాలంటూ బకెట్ల కొద్దీ లాగేస్తున్నారట కదా మీరు. ట్యాంకు మీ ఒక్కరికోసం కట్టలేదు కదండీ."

ట్యాంకులో నీళ్ళు కాలుతున్నాయి, నేనిప్పుడే చూసొచ్చాను అన్నాను. ఆయన వినిపించుకోలేదు. సాయంత్రానికి ఆ మాట బిల్డింగంతా పాకింది. లిఫ్టులో ఒకావిడ నన్ను చూసి, "పసివాడికి ఎన్ని నీళ్ళు పడతాయి లెండి, ఇంట్లో ఇంకెవరో పోసుకుంటున్నారేమో" అంది. ఒళ్ళు మండిపోయింది.

పైపులు వేసిన ప్లంబర్ని పిలిపించాను. పాలమూరు వైపు మనిషి, శేరిలింగంపల్లిలో ఉంటాడు. ముందు పంపు పాడైందన్నాడు. కరెంటున్న సమయం చూసి పంపు తిప్పితే అది బాగానే తిరిగింది. అయితే నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వు పాడైందన్నాడు. బంద్ లేని పూట చూసి బాలానగర్ పోయి కొత్తది తెచ్చి బిగించాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి. తల గోక్కున్నాడు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. బాగున్నవాటిని ఒక్కొక్కటిగా పక్కకు పెడుతూ పోతే చివరికి మిగిలిందే తప్పు. ట్యాంకు బాగుంది, పంపు బాగుంది, వాల్వు బాగుంది. ఇక మిగిలింది ఇళ్ళు. ఏదో ఒక ఇంట్లో చన్నీళ్ళ పైపు వేడినీళ్ళ పైపుతో కలుస్తూ ఉండాలి. చన్నీళ్ళు ప్రెషర్ పంపుతో వస్తాయి కాబట్టి వాటికి తోపు ఎక్కువ, దారి దొరికితే వేడినీళ్ళ పైపులోకి చొరబడి లైనంతా చల్లబరుస్తాయి. మా లైను మీదున్న ఇళ్ళన్నీ ఒకసారి చూస్తే సరిపోతుంది అన్నాను. ప్లంబరు కూడా సరేనన్నాడు. ఇద్దరం సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన అతన్ని తలుపు బయటే నిలబెట్టి, నన్ను లోపలికి పిలిచి, గొంతు తగ్గించానని ఆయన అనుకున్న గొంతుతో అన్నారు. "ఈ టైంలో వాళ్ళని ఇళ్ళల్లోకి ఎలా పంపిస్తామండీ? రేపు మనల్ని పొమ్మనేది వాళ్ళే కదా. ఏ వాల్వు ఎక్కడ తిప్పి పోతాడో ఎవరికి తెలుసు? అసలు ఇదంతా వాడు కావాలనే చేశాడేమో."

తలుపవతల నుంచి మాట వచ్చింది. "సార్, పైపులేసిందే నేను. ఖరాబు జెయ్యాల్నంటే అప్పుడే జేస్తుంటి."

అని సంచిలో సామాను సర్దుకుని మెట్లు దిగిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తి బతిమాలాను. "మీరు మంచోల్లే మేడం. గా సార్ ఉన్నన్ని దినాలు నేను ఈ బిల్డింగుల కాలు వెట్ట" అన్నాడు. పెట్టలేదు. సెక్రటరీ గారికి అది చాలా సంతృప్తినిచ్చింది, చూశారా పారిపోయాడు అన్నారు. మనిషిని తిట్టి పంపేసి పారిపోయాడనడం చదువుకున్నవాళ్ళకే చేతనవుతుంది.

సరే, నేనే తిరుగుతానని బయల్దేరాను. కింది ఇంటివాళ్ళు చూడనిచ్చారు. మా పైవాళ్ళు చూడనిచ్చారు, కాఫీ కూడా ఇచ్చారు. లిఫ్టులో మాటన్న ఆవిడ కూడా మొహం ఎక్కడో పెట్టుకుని బాత్రూం చూపించింది. అన్ని ఇళ్ళలోనూ ట్యాపులు సరిగ్గానే కట్టి ఉన్నాయి. మా లైను మీద ఒకే ఇల్లు మిగిలింది. అది సెక్రటరీ గారిది.

"మా ఇంట్లో ఏ సమస్యా లేదండీ" అన్నారు ఆయన, తలుపు సగం తెరిచి. "మేము ఈ లైను మీది బాత్రూం అసలు వాడం. లోపలి బాత్రూం వేరే లైను మీద ఉంది. సమస్య ఉంటే మేం మాత్రం చెప్పమా?"

"ఒక్క నిమిషం చూసి పోతాను."

"ఆవిడ పూజలో ఉందండీ."

మరుసటి రోజు వెళ్ళాను. చుట్టాలున్నారన్నారు. ఆ తర్వాత వెళ్తే, "మీరిలా రోజూ ఇళ్ళ మీదికి రావడం ఏం పద్ధతండీ? మీ సీమ పంచాయతీలు ఇక్కడ వద్దు" అన్నారు. నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో సరిగా గుర్తు లేదు గానీ, అందరి ఇళ్ళూ చూపించాక మీ ఇంట్లో ఏం దాచారని అడిగిన మాట మాత్రం గుర్తుంది. ఆయన తలుపు వేసేశారు. బయటి నుంచి నీళ్ళు కట్టేద్దామన్నా ఆ ఇంటి వాల్వు ఆ ఇంటి లోపలే ఉంది.

అవ్వ ఇదంతా చూసి చూసి విసిగిపోయింది. "రోడ్డు మీద గంతమందికి వండుతున్నం. నీ చెల్లెకు రెండు బకీట్లు కాగబెట్టలేమా?" అని, కింద పార్కింగులో ఒక మూలన ఇటుకలు పేర్చి, ఎక్కణ్ణుంచో కట్టెలు తెచ్చి, శిబిరంలోంచి తెచ్చిన పెద్ద గుండిగ ఎక్కించింది. నీళ్ళు తెర్లుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ పూట చెల్లెలు చాలా రోజుల తర్వాత కేకలు పెట్టింది, పెట్టి నవ్వింది. పిల్లవాడు సాంబ్రాణి పొగలో మత్తుగా పడుకున్నాడు. నేను గుండిగ పక్కన కూర్చుని కట్టె ఎగదోస్తుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, పొగకే.

మూడో పూటకు సెక్రటరీ గారు దిగి వచ్చారు.

"ఏవండీ, ఇదేమన్నా దీక్షా శిబిరం అనుకుంటున్నారా? పార్కింగులో పొయ్యిలేంటండీ? గోడ చూడండి ఎలా నల్లబడిందో. పక్కనే కార్లున్నాయి, పెట్రోలుంటుంది. ఆవిణ్ణి అడ్డం పెట్టుకుని బిల్డింగులోకి ఉద్యమం తెస్తారా?"

"పొయ్యి తెచ్చినం సారూ, ఉద్యమం గాదు" అంది అవ్వ. "బాలెంతరాలు ఉన్నది. నీ ఇంట్ల ఆడోల్లు కనలేదా?"

ఆయన వాచ్‌మన్‌ని పిలిచి నీళ్ళు కుమ్మరించి మంట ఆర్పించారు. వాచ్‌మన్ నా మొహం చూడలేక తల వంచుకుని ఆర్పాడు. మా ఫ్లాటు మీద, ఆ పైపుల మీద, ఆ రంగుల కాగితం మీద నాకు పుట్టిన అసహ్యం ఈనాటికీ పోలేదు.

ఆ వారంలో పిల్లవాడికి పడిశం పట్టింది. డాక్టరు చూసి కంగారేం లేదన్నాడు, మందిచ్చాడు. నీళ్ళవల్ల కాదని కూడా అన్నాడు. ఆ సంగతి చెల్లెలు ఫోనులో మొగుడికి చెప్పింది, మర్నాడు పొద్దున్నే అత్తగారు కారేసుకుని దిగింది. పార్కింగులో నల్లబడిన గోడ, పక్కన తడిసిన బొగ్గులు, ఆ మూలన ఇటుకలు చూసుకుంటూ పైకి వచ్చింది. వస్తూనే బాత్రూంలోకి వెళ్ళి ట్యాపు తిప్పి చెయ్యి పెట్టింది.

"సల్లగుండాయి గదమ్మా."

"బాగు చేయిస్తాండా అత్తా. ఒక ఇల్లు చూస్తే అయిపోతాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

నేను చెప్పలేదు. చెల్లెలు చెప్పింది. అది అబద్ధం చెప్పలేదు, అంతే. అత్తగారు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని నిదానంగా అంది. "పచ్చి బాలింతను పెట్టుకుని బయట పొయ్యిల మీద కాచి పోస్తాండారా? ఈ మాట ఎవురన్నా వింటే మా మొగాన ఉమ్మేస్తారు. మా ఇంట్లో లేకనా?" కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అంది.

నేను చెల్లెలి వైపు చూశాను. వద్దు అత్తమ్మా, నేనిక్కడే ఉంటానని ఒక్క మాట అంటుందని చూశాను. అది పిల్లవాడి గుడ్డలు మడత పెడుతోంది.

"అక్కా, అక్కడ ఇన్వర్టరు ఉంది" అంది. "నీళ్ళు బాగా వస్తాయి. నువ్వు కూడా అలిసిపోయినావు."

నాకోసమే అన్నట్టు అంది. చెల్లెలి కొడుకంటే నా కొడుకే, వాణ్ణి ఎత్తుకుని కారు దాకా తీసుకెళ్ళి చెల్లెలి ఒళ్ళో పెట్టాను. అవ్వ వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. గడప దగ్గరే నిలబడి విషయం విని, "నీ చెల్లె జెర ఆగకపాయె" అని, నూనె గిన్నె తీసి మూత పెట్టి షెల్ఫులో పెట్టి, శిబిరానికి వెళ్ళిపోయింది.

దసరా వచ్చింది. కింద ఖాళీ స్థలంలో తెలంగాణ ఆడవాళ్ళు బతుకమ్మ పేర్చి ఆడుకుంటున్నారు. పైన సెక్రటరీ గారి భార్య బొమ్మల కొలువు పెట్టింది. ఇంటింటికీ వచ్చి పేరంటానికి పిలిచింది, నన్ను కూడా. ఆమె నాతో ఎప్పుడూ దురుసుగా మాట్లాడలేదు. వెళ్ళాను. బొమ్మలు చూడ్డానికి వెళ్ళానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. చేతికి గంధం పూశాక, చెయ్యి కడుక్కుని వస్తానని నేరుగా ఆ బాత్రూంలోకి నడిచాను.

గోడకున్న మిక్సర్ ట్యాపుకి ఒక గొట్టం తగిలించి ఉంది. గొట్టం కిటికీలోంచి బాల్కనీలోకి పోయి, అక్కడున్న పెద్ద నీలం డ్రమ్ములో దిగింది. దాని చివర తేలే బంతి వాల్వు. డ్రమ్ము నిండితే బంతి లేచి నీళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. మిక్సర్ మీది రెండు పిడులూ, వేడిదీ చల్లదీ, పూర్తిగా తెరిచి ఉన్నాయి. అవతల బంతి మూసేస్తే ఇవతల చన్నీళ్ళకు పోవడానికి ఒకే దారి మిగులుతుంది, మా వేడినీళ్ళ పైపు. పైపుల మీద చెయ్యి పెట్టాను. రెండూ ఒక్కలాగే చల్లగా ఉన్నాయి.

సెక్రటరీ గారి భార్య వెనకాలే వచ్చింది. "బందులంటే భయం కదండీ. ట్యాంకర్లు ఆపేస్తారని, వాళ్ళేదో నీళ్ళు కట్టేస్తారని అన్నారు. ఎప్పుడూ డ్రమ్ము నిండుగా ఉండాలని ఆయనే పెట్టారు. రెండూ తిప్పి ఉంచితే తొందరగా నిండుతుందట."

ఎవరో నీళ్ళు కట్టేస్తారన్న భయంతో ఆయన దాచుకున్న ఆ ఒక్క డ్రమ్ము నా చెల్లెలి నడుం మీది నీళ్ళు కట్టేసింది. ఆ డ్రమ్ములోంచి వాళ్ళు ఒక్క చెంబు కూడా వాడలేదు, పైన నాచు పట్టి ఉంది. నేను వేడినీళ్ళ పిడి మూసేశాను. హాల్లోకి వచ్చి, పేరంటాళ్ళందరి ముందూ సెక్రటరీ గారికి చెప్పాను. తప్పు మీ ఇంట్లోనే ఉంది, మీ డ్రమ్ములో ఉంది అని.

"ఓ, అదా" అన్నారు ఆయన. "చిన్న విషయమే కదండీ. ముందే చెబితే అప్పుడే కట్టేసేవాళ్ళం కదా. శనగలు తీసుకున్నారా?"

అంతే. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్లంబరు మాట ఎవరికీ గుర్తు రాలేదు. నేను శనగలు తీసుకోకుండా ఇంటికి వచ్చి ట్యాపు తిప్పాను. కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చాయి. వెంటనే చెల్లెలికి ఫోను చేశాను.

"బాగైపోయిందే. కాలిపోతాండాయి నీళ్ళు. రేపే వచ్చేయండి, నేను కారు తీసుకుని వస్తా."

"వాడికి ఇక్కడ అలవాటైపోయింది అక్కా. మళ్ళీ కదిలించడమెందుకని అత్తమ్మ అంటాంది" అంది.

"నువ్వేమంటావు?"

"నేనేమంటాను అక్కా" అంది. నేను ఫోను పెట్టేశాను.

దీపావళి అయ్యాక మదీనాగూడలో పిల్లవాడికి పేరు పెట్టారు. ఫంక్షన్ హాల్లో, చాలామందిని పిలిచి, ఘనంగా. తొట్టిల కొనాల్సింది పుట్టింటివాళ్ళు. నేను కొందామని అడిగితే ఇప్పటికే తెచ్చేశామన్నారు. వాడికి వెండి మొలతాడు, చెల్లెలికి పట్టుచీర తీసుకుని నేనూ మా ఆయనా వెళ్ళాం. మొదటి వరుసలు నిండిపోయి ఉన్నాయి, వెనక కూర్చున్నాం. పురోహితుడు తొట్టిల దగ్గర కూర్చుని మంత్రాల మధ్యలో తలెత్తి అడిగాడు.

"పుట్టింటివారు ఎవరమ్మా? వచ్చి బట్టలు పెట్టాలి."

నేను సంచి పట్టుకుని లేచాను. వరుసలు దాటుకుని నేను ముందుకు వచ్చేలోపే అత్తగారి మాట మైకులో హాలంతా వినిపించింది.

"వాళ్ళమ్మ పోయింది స్వామీ. పుట్టింటివాళ్ళు లేరు. మేమే పెడతాం, కానీయండి."

నేను నడవ మధ్యలో ఉన్నాను. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నా చెల్లెలు తలెత్తి నన్ను చూసింది. చూసి, పురోహితుడు చెప్పినట్టు అత్తగారు పెట్టే బట్టలకు చెయ్యి చాచింది.